సత్యమ్మ నోరు, సత్యమ్మ చెయ్యి

గద్వాల బస్టాండులో చెయ్యి మెడకు వేలాడేసుకొని ఎవరైనా దిగితే, ధరూర్ వైపు పోయే ఆటోవాళ్లు ఏ ఊరికి అని అడగరు. "సత్తెమ్మ కాడికేనా? ఎక్కు" అంటారు. ఆ సత్యమ్మ నా చెల్లెలు. నాకంటే ఆరేండ్లు చిన్నది. నా పేరు తిమ్మప్ప. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆమె ఒక్క అక్షరం చదవలేదు. అయినా ఊరికి పేరు తెచ్చింది ఆమె. ఆ పేరును నలుగురికి చెప్పింది నేను.

చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. వనపర్తి పక్కన బావిలో పడ్డ మనిషికి తుంటి ఎక్కించింది. కొత్తకోటలో లారీ జాకీ జారి ముంజేయి విరిగిన మెకానిక్ ఆ చేత్తోనే ఇవాళ టైర్లు విప్పుతున్నాడు. మన్ననూర్ అడవిలో తేనె కోసం బండ ఎక్కి పడ్డ మనిషిని మంచం మీద మోసుకొచ్చారు, తన కాళ్ల మీద తాను నడిచిపోయాడు. నాగర్‌కర్నూల్ నుంచి జీపులు కట్టుకొని వచ్చేవాళ్లు, రాయచూరు దిక్కు నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు. గూడ అంటే మా దగ్గర భుజం కీలు. జారిన గూడలు ఆమె ఎక్కించినవి నేను లెక్కపెట్టినవే మూడు వందల పైన. ఎవరి దగ్గరా ఏమీ ముట్టలేదు. నాలుగు కోడిగుడ్లు, ఒక పాత ధోతి గుడ్డ తెచ్చుకుంటే చాలు. ఎముక విరిగితే గుడ్డు తెల్లసొనలో మినప పిండి కలిపి పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టేది.

ఆ విద్య మా నాయనది. ఎడ్లకు కాళ్లు కట్టేవాడు, అవసరం పడితే మనుషులకూ. పాత కుండను గోనెసంచిలో వేసి రాయితో కొట్టేవాడు. సంచి మూతి కుట్టి మా ముందర పెట్టి, "పైనుంచే తడుముకుంట కుండను నిలబెట్టుండ్రి" అనేవాడు. నేను పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా మూడు పెంకులు కుదిరేవి. సత్యమ్మకు అప్పుడు పదకొండేండ్లు. నాతో నవ్వులాడుతూనే, సంచి వైపు చూడకుండా, కుండను మెడ దాకా నిలబెట్టింది. నాయన నా చేతులు పట్టి చూసి, "నీవి మొద్దు వేళ్లురా తిమ్మా. నీకు నోరుంది, గది చాలు" అన్నాడు. ఆ మాట చాలా ఏండ్లు నొచ్చింది. తర్వాత ఆ నోరే పనికొచ్చింది. ఎట్లా పనికొచ్చిందో చెప్తాను.

జారిన కీలును ఎక్కించడానికి బలం కంటే అదను ముఖ్యం. సత్యమ్మ అనేది: "కండ కాపలా కుక్క అన్నా. మనం చెయ్యి పట్టంగనే ఎముక సుట్టు తిరిగి మొరుగుతది. అది మొరిగినంతసేపు ఎముక లోపటికి పోదు. కుక్కను ఇంకో దిక్కు ఉసిగొల్పాలె." మనిషికి మనసులో ఎక్కడ పుండు ఉందో అక్కడ ఒక్క మాట గుచ్చితే, ఒళ్లంతా ఒక్క క్షణం అటు తిరుగుతుంది. కండ వదులవుతుంది. అప్పుడు గుంజేది. టక్కుమనేది.

ఆ పుండు వెతికి తెచ్చేది నేను. వెంట వచ్చిన చుట్టాలను అరుగు మీద కూర్చోబెట్టి, బీడీ ఇచ్చి, "పాపం, అసలే ఇంట్ల పరేషాన్లు ఉన్నట్టున్నయి" అనేవాణ్ణి. మిగతాది వాళ్లే చెప్పేవాళ్లు. నీళ్ల నెపం పెట్టుకొని లోపలికి పోయేవాణ్ణి. "ఏం దొరికింది?" అనేది సత్యమ్మ. చెవిలో వేసేవాణ్ణి. ఆమెది ఒకటే షరతు, అబద్ధం తేవద్దు. "అబద్ధం తిట్టు తోలు మీదనే ఆగుతది. నిజమే కరుస్తది" అనేది.

కీలు ఎక్కినంక తన చేత్తో చెంబు నీళ్లిచ్చి అనేది: "ఆ మాట ఎముకతోనే పోయింది. గడప దాటితే నేనన్లే, నువ్వు ఇన్లే." నీళ్లు తాగితే ఒప్పుకున్నట్టు.

2001 పంచాయతీ ఎన్నికలు అయిన నెలలో పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన మోటర్‌సైకిల్ మీదనుంచి పడి గూడ జార్చుకొని వచ్చాడు. వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయాడు. వొడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నలుగురు పట్టినా కండ వదలడం లేదు. సత్యమ్మ ఆయన చెయ్యి పట్టుకొని నిమ్మళంగా అడిగింది.

"మీ ఇంటియే ఏడు ఓట్లంట గద పటేలా. నీకు పడ్డయి అయిదంట. ఆ రెండు ఎవరియో ఇంట్ల అడిగినవా, అడిగేదానికి భయమైందా?"

"నీ నోరు పడ—" అని ఆయన లేవబోయాడు. టక్కుమంది. నీళ్లు తాగి, నవ్వు మొహం పెట్టుకొని బయటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్న ఆయన పెండ్లాం మాత్రం తల పైకి ఎత్తలేదు. ఆ ముచ్చట నాకు చెప్పింది ఆమే.

అందరూ తాగారని చెప్పను. మరుసటి ఏడు చింతచెట్టు మీదనుంచి పడి మోచేతి కీలు తప్పి జానకమ్మ అనే కూలి మనిషి వచ్చింది. ముగ్గురు పిల్లలు పుట్టి పుట్టగానే పోయారని ఆమె మొగుడు నాతో అన్నాడు. నేను లోపల చెప్పాను.

"ఎవరికోసం ఎక్కినవే చెట్టు?" అంది సత్యమ్మ. "తినేదానికి ఇంట్ల ఎవరున్నరని? ముగ్గురిని మన్నుల పెట్టినవ్, చింతకాయ ఎవరి నోట్ల పెడ్తవ్?"

జానకమ్మ అరవలేదు. కీలు ఎక్కింది. చెంబు ఇస్తే నీళ్లు నోట్లో పోసుకొని, గోడ మీద ఉమ్మేసి పోయింది. సత్యమ్మ కొంగుతో గోడ తుడుచుకుంటూ, "చెయ్యి మంచిగైతది. నాకు గది చాలు" అంది. నిజంగానే మంచిగైంది. ఆ చేత్తో ఇవాళ పత్తి ఏరుతుంది. మా వాడకు మాత్రం మళ్లీ రాలేదు. ఆ మాట తెచ్చింది నేను. పని చేసింది కాబట్టి ఆనాడు నాకు తప్పనిపించలేదు.

2003లో గద్వాలలో కీళ్ల నొప్పుల క్యాంపు పెట్టినప్పుడు, సింధూజ అని కీళ్ల వ్యాయామాలు చేయించే చదువు చదివిన అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. మా చెల్లెలి సంగతి విని రెండు రోజులు ఆమె ఇంట్లో కూర్చొని చూసింది. తిట్లు విని మొదటి రోజు భయపడింది, రెండో రోజు నవ్వింది. ఆమె చెప్పిన సంగతులు నేను కాగితం మీద రాయించుకున్నాను. ఇంగ్లండులో 1736 ప్రాంతంలో సారా మ్యాప్ అనే ఆడమనిషి ఉండేదట. తండ్రి దగ్గర ఎముకలు కట్టడం నేర్చుకొని, నాలుగు గుర్రాల బండిలో లండను పోయి వైద్యం చేసేదట. ఆమెదీ దురుసు నోరేనట. మరుసటి ఏడే దిక్కులేక చనిపోయిందట. ఇంకొకాయన అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు. మందుల మీద నమ్మకం పోయి, చేతులతోనే ఎముకలనూ కండలనూ సరిచేసే వైద్యం మొదలుపెట్టాడు. మెరుపులాగ ఎముకలు ఎక్కిస్తానని చెప్పుకుంటూ ఊరూరా తిరిగాడు. 1892లో బడి పెట్టి, మొదటి ఏడే ఆడవాళ్లను చేర్చుకున్నాడు. ఆ వైద్యానికి ఆస్టియోపతి అని పేరు.

"మందుల మీద నమ్మకం ఎందుకు పోయింది ఆయనకు?" అని సత్యమ్మ అడిగింది.

"మెదడు జ్వరం వచ్చి ఆయన పిల్లలు ముగ్గురు చనిపోయారమ్మా. ఆయనే డాక్టరు, అయినా బతికించుకోలేకపోయాడు."

"పిల్లలు పోయినంకనా ఈ విద్య పట్టింది, ముందా?"

"తర్వాతే."

సత్యమ్మ లేచి బయటికి పోయి బర్రెకు గడ్డి వేసింది. ఆ రోజు మళ్లీ లోపలికి రాలేదు. ఆ అమ్మాయి, "నేనేమైనా తప్పు మాట్లాడానా తాతా?" అంది. లేదన్నాను.

అసలు సంగతి ఇది. సత్యమ్మను మా ఊళ్లోనే ఇచ్చాం, మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒకటే గోడ. మొగుడు తాగి తాగి తొందరగా పోయాడు. కొడుకు శ్రీశైలం, కూతురు రాధమ్మ. రాధి అని పిలిచేవాళ్లం. 1984లో రాధికి ఎనిమిదేండ్లు. వేరుశనగ బండి మీదనుంచి పడి మోకాలి కింద ముంగాలు విరిగింది. సత్యమ్మే కట్టు కట్టింది. చిన్నపిల్ల, ఊరుకోదు, కదిలిస్తుందని గట్టిగా బిగించింది. ఆ పొద్దే పెద్ద దొర ఎద్దుకు తొడ విరిగిందని కబురు వస్తే, రాధిని నాకు అప్పగించి పోయింది. మరునాడు మధ్యాహ్నం తిరిగి వచ్చి కట్టు విప్పితే కాలు నల్లబడి ఉంది. కర్నూలు తీసుకుపోయాం. కాలు తీసేశారు. మూడో రోజు పిల్ల పోయింది.

"ఏడ్సిందా అన్నా? కట్టు నొస్తుందన్నదా?" అని సత్యమ్మ నన్ను అడిగింది.

"లేదు చెల్లె. పండుకునే ఉంది. నొప్పి తెల్వలే" అన్నాను.

ఆ ఒక్క మాట పట్టుకొని ఆమె బతికింది. నెత్తురు చప్పుడు లేకుండా ఆగిపోయింది, పిల్లకే తెలియలేదు, ఇంక నాకేం తెలుస్తుంది అని తనకు తాను చెప్పుకునేది. ఆనాటి నుంచి ఎవరికి కట్టు కట్టినా వేలి గోరు నొక్కి, తెల్లబడి మళ్లీ ఎర్రబడిందాకా లేచేది కాదు. "నొస్తే నొస్తుందని చెప్పుండ్రి, సిగ్గుపడొద్దు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. ఆ తర్వాత ఆమె చేతిలో ఒక్క కాలు నల్లబడలేదు. ఇరవై ఏండ్లలో ఒక్కటి కూడా.

2005 శ్రావణంలో ఒక పొద్దున బర్రెను తోలుకొస్తూ తాడు చేతికి చుట్టుకుంది. లారీ హారన్‌కు బర్రె బెదిరి గుంజింది. సత్యమ్మ కుడి గూడ జారింది. ఆ పూట ఎక్కకపోతే వాపు కమ్ముతుంది, కండ గట్టిపడుతుంది. తర్వాత ఎక్కినా చెయ్యి తలపైకి లేవదు, గుంజే బలం రాదు. ఆమెకు ఉన్న ఒక్క ఆస్తి ఆ కుడి చెయ్యి. గద్వాల దవాఖానకు ఆటో పిలుస్తానన్నాను.

"రాధిని దవాఖానల ఇడిసొచ్చిన. మల్ల ఆ వాసన నాకు సూపియ్యకు. రజిత చేస్తది" అంది.

రజిత శ్రీశైలం పెండ్లాం. గోనెసంచిలో కుండ నిలబెట్టడం అప్పటికే వచ్చింది. చేతులు మంచివి. నోరే లేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. అత్తను మంచం మీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టుకుంది. నేను కాళ్ల వైపు నిలబడ్డాను.

"అను" అంది సత్యమ్మ.

"అత్తా... నీ నోటికి జడిసే నీ కొడుకు కొత్తకోటల లారీ పట్టుకొని తిరుగుతుండు. నెలకొక్కసారన్న ఇంటికొస్తలేడు."

సత్యమ్మ నవ్వింది. "గది నువ్వు దినాం మనసుల అనుకునేదే. నాకెరుక. ఇంకోటి."

"నీ మొగడు..."

"తాగి సచ్చిండు. ఊరంత ఎరుక. గుంజకు, గుంజకు బిడ్డా, కుక్క మొరుగుతనే ఉంది."

రెండుసార్లు గుంజి చూసింది. ఎక్కలేదు. రెండోసారి సత్యమ్మ పెదవులు తెల్లబడ్డాయి. మధ్యాహ్నానికి భుజం మీద వాపు మెరవడం మొదలైంది. రజిత చెమటలు కక్కుతూ, "నాతోని కాదు పెద్దమామా" అంది. సత్యమ్మ నా దిక్కు తిరిగింది.

"అన్నా. ముప్పై ఏండ్లు అందరియి తెచ్చినవ్. నాది లేదా నీ కాడ?"

"లేదు."

"ఉంది. నీ మొకం చెప్తుంది. నా చెయ్యి పోతుంది అన్నా. అను."

రజితను చెయ్యి పట్టుకోమన్నాను. మడమ ఆనించమన్నాను. అప్పుడు అన్నాను.

"రాధి ఏడ్వలేదని చెప్పిన గద. ఏడ్సింది. పొద్దుగాల నుంచి పొద్దుగూకేదాకా ఏడ్సింది. కాలు కాలుతుంది మామా, ఇప్పు, అమ్మను పిలువు అన్నది. మీ అమ్మ కట్టిన కట్టు ఇప్పేటోడు ఈ జిల్లాల లేడు, నోర్మూసుకో అన్న. వేళ్లు నీలబడ్డయి. సూసిన. బొంత కప్పిన. నువ్వు దొర ఎద్దు కాడ ఉన్నవ్."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా గొంతు పట్టుకోవడానికి లేచింది. లేచింది ఆ జారిన చేత్తోనే. ఒళ్లంతా నా మీదికి తిరిగింది. రజిత గుంజింది. టక్కుమంది. ఆ చప్పుడు అరుగు దాకా వినిపించిందని పక్కింటి మల్లమ్మ చెప్పింది.

చెయ్యి దక్కింది. నేనే చెంబు నీళ్లు తెచ్చాను. "ఆ మాట ఎముకతోనే పోయింది చెల్లె. గడప దాటితే నేనన్లే, నువ్వు ఇన్లే" అన్నాను.

ఆమె చెంబు తీసుకోలేదు. "ఎన్ని ఏండ్లాయె ఈ మాట నీ కాడ ఉండబట్టి?" అంది.

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒక్క ఏండ్లు దినాం నా చేత బువ్వ తిన్నవ్" అంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

నెలన్నరకు మళ్లీ పనిలో కూర్చుంది. ఆ చేత్తో తర్వాత నాలుగేండ్లలో రెండు వందల పైన కీళ్లు ఎక్కించింది. ఇవి కూడా నా లెక్కే, గోడకు ఈవలి నుంచి చప్పుళ్లు విని పెట్టిన లెక్క. తిట్లు తగ్గలేదు. మాటలు ఏరుకొచ్చే పని రజిత నేర్చుకుంది. నోరు లేదనుకున్న పిల్ల, అరుగు మీద నాకంటే నేర్పుగా అడిగేది. "ఏం దొరికింది?" అని లోపల సత్యమ్మ గొంతు వినిపించినప్పుడల్లా నేను లేవబోయి మళ్లీ కూర్చునేవాణ్ణి.

2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి రోడ్లు తెగిపోయాయి. రజిత ఏటి అవతల తల్లిగారింట్లో చిక్కుకుంది. ఆ వానలో అరుగు బండ మీద జారి పడ్డాను. నా కుడి గూడ జారింది. నాకు అప్పటికి డెబ్బై నాలుగు. ఆటో పోయే దారి లేదు. మల్లమ్మ పోయి సత్యమ్మను పిలిచింది. రాదనుకున్నాను. వచ్చింది. నాలుగేండ్ల తర్వాత మా గడప తొక్కింది. వాడ జనమంతా వానలో నిలబడి చూశారు. నన్ను ఏం తిడుతుందో వినాలని వాళ్లకు.

మడమ ఆనించింది. చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు భుజం చుట్టూ తిరిగి, ఎముక ఎక్కడుందో కనుక్కొని ఆగాయి. నేను ఎదురు చూశాను. ఆమె దగ్గర ఉన్న మాట నాకు తెలుసు, అది పడితే ఒక్క క్షణంలో ఎక్కుతుందనీ తెలుసు.

ఆమె ఏమీ అనలేదు. మెల్లగా గుంజడం మొదలుపెట్టింది.

"తిట్టు చెల్లె" అన్నాను.

గుంజింది.

"నేను సంపిన అను. బొంత కప్పిన అను. నీకు దండం పెడ్త, ఒక్క మాట అను సత్తెమ్మా."

ఆమె నా మొకం చూడలేదు. పట్టు వదలలేదు. బిగువు పెంచలేదు. కండకు ఇంకో దిక్కు చూపించలేదు. దానికదే అలిసిపోయి పడిపోయేదాకా కుక్కను మొరగనిచ్చింది. మూడు వందల గూడలు ఎక్కడం చూశాను, ఒక్కటీ అంతసేపు పట్టలేదు. పిల్లలు బడి నుంచి తడుస్తూ వచ్చే వేళకు మొదలుపెడితే, బర్రెలు ఇంటికి మళ్లేటప్పుడు ఎక్కింది. నేను ఎన్నిసార్లు అరిచానో మల్లమ్మ లెక్కపెట్టిందట, నాకు చెప్పలేదు.

కట్టు కట్టింది. నా బొటనవేలి గోరు నొక్కి, మళ్లీ ఎర్రబడిందాకా చూసింది. లేచింది. చెంబు నీళ్లు తెచ్చి గడప మీద పెట్టి, దాన్ని దాటుకొని వెళ్లిపోయింది.

"సూసినవా," అంది మల్లమ్మ కండ్లొత్తుకుంటూ, "ఊరందరిని అన్న నోరు, అన్నను ఒక్క మాట అనబుద్ధి కాలే. తోడబుట్టిన పాణం గట్లుంటది."

అవునన్నాను. అనని మాట ఎముకతో పోదని మల్లమ్మకు చెప్పలేదు.

చెయ్యి బాగానే అయింది. తలపైకి లేస్తుంది. ఈ అక్షరాలు రాసింది ఆ చేత్తోనే. ఆ రోజు మాత్రం లేవలేకపోయాను. చెంబు గడప మీదనే ఉండిపోయింది. వాన దాంట్లో పడుతూ, నిండి, పొర్లిపోతూ ఉంటే, చీకటి పడేదాకా చూస్తూ పడుకున్నాను.